బోరు లారీ మీద చెయ్యి నలిగింది: పరిహారం చేతికి వచ్చేదాకా నా అనుభవం

బోరు లారీ మీద పనిచేస్తూ దెబ్బ తగిలితే అది బండి ప్రమాదమా, మెషీన్ ప్రమాదమా? 2022 ఏప్రిల్‌లో నా కుడి చెయ్యి నలిగిపోయిన తర్వాత కేసంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. లారీకి ఇన్సూరెన్స్ ఉంది. కానీ దెబ్బ తగిలినప్పుడు లారీ కదలడం లేదు, జాకీల మీద లేచి నిలబడి ఉంది. తిరుగుతున్నది దాని మీద బిగించిన మెషీన్. బండి ఆగి ఉంది కాబట్టి మాకు సంబంధం లేదని ఇన్సూరెన్స్ వాళ్లు అన్నారు. ఇన్సూరెన్స్ కట్టాను కదా, వాళ్లనే అడుక్కోమని ఓనరు అన్నాడు. ఒక్క బోరు బండ్లే కాదు, కాంక్రీటు బూమ్ పంపులు, రెడీమిక్స్ లారీలు, లారీ మీద బిగించిన క్రేన్లు, వీటి మీద పనిచేసే వాళ్లందరికీ ఇదే చిక్కు వస్తుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది అనంతపురం వైపు. డిగ్రీ మధ్యలో ఆపేసి బోరు బండి ఎక్కాను. మా ప్రాంతంలో తిరిగే బండ్లు చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడు వైపు నుంచి వచ్చినవే. డ్రిల్లర్ తమిళాయన, హెల్పర్లు ఛత్తీస్‌గఢ్, ఒడిశా కుర్రాళ్లు, రైతులతో మాట్లాడడానికి నాలాంటి తెలుగువాడు ఒకడు. సెట్టుకు రెండు లారీలు ఉంటాయి. ఒకటి రిగ్గు లారీ. మాస్టు (రాడ్లను నిలబెట్టి దించే ఎత్తైన ఇనుప స్తంభం), రాడ్లు తిప్పే హెడ్డు, లివర్లు అన్నీ దాని మీదే. రెండోది కంప్రెసర్ లారీ. రెండిటికీ వేర్వేరు నంబర్లు, వేర్వేరు ఇన్సూరెన్స్ పాలసీలు. ఈ చిన్న సంగతి తర్వాత నా కేసులో ఎంత పెద్దదైందో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

జీతం నెలకు 16,000. పైన అడుగు లెక్కన బత్తా. అంటే ఎన్ని అడుగులు దించితే అంత. వేసవి సీజన్లో ఒక చేలో పని అవగానే రాత్రికి రాత్రే ఇంకో ఊరికి బండి కదులుతుంది. ఎవరికీ సరైన నిద్ర ఉండదు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, హాజరు పట్టీ లేదు, పీఎఫ్, ఈఎస్ఐ ఏవీ లేవు.

ప్రమాదాలు ఎలా జరుగుతాయో బండి మీద ఉన్నవాళ్లకు తెలుసు. మాస్టు లేపేటప్పుడు పైన పోయే 11 కేవీ లైను తగిలి కరెంటు కొట్టడం అన్నిటికంటే ఘోరమైనది. ఒక్కసారికే ఇద్దరు ముగ్గురు పోతారు. తడి నేలలో జాకీ దిగబడి బండి ఒరిగిపోతుంది. కంప్రెసర్ గాలి గొట్టం జాయింటు ఊడితే పాములా కొట్టుకుంటూ మనిషిని విసిరేస్తుంది. జాయింటుకు అటూ ఇటూ ఒక చిన్న గొలుసు కట్టి ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది. ఆ గొలుసు ఉన్న బండ్లు నేను తక్కువ చూశాను. తిరిగే రాడ్డుకు లుంగీయో తువ్వాలో చుట్టుకోవడం ఇంకొకటి. దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు, రాయి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది పదేళ్లకు బయటపడుతుంది.

నాకు జరిగింది వీటిలో ఏదీ కాదు. ఆ రాత్రి కదిరి దగ్గర ఒక వేరుశనగ రైతు చేలో 720 అడుగులు వేశాం. చుక్క నీళ్లు పడలేదు. రాడ్లు బయటికి తీస్తున్నాం. రాడ్డు 20 అడుగులు ఉంటుంది, అంటే 36 రాడ్లు, ప్రతి రాడ్డుకూ జాయింటు విప్పాలి. కింది రాడ్డును ఒక ఫోర్కు లాంటి స్పానర్‌తో పట్టి ఉంచితే, పైన హెడ్డు రివర్స్ తిరిగి మర ఊడదీస్తుంది. బిగుసుకుపోయిన జాయింటు అయితే పై రాడ్డుకు కూడా ఒక పెద్ద చేతి స్పానర్ వేయాలి. ఆ స్పానర్ మోకాలి ఎత్తు ఉంటుంది. దాన్ని రాడ్డుకు ఆనించి, చెయ్యి తీసి, పక్కకు జరిగి సైగ చేస్తే అప్పుడు డ్రిల్లర్ లివర్ లాగాలి. కంప్రెసర్ హోరులో మాట వినపడదు, అన్నీ సైగలే. లివర్ల దగ్గర నిలబడితే మాస్టు కాలు అడ్డం వచ్చి హెల్పర్ చేతులు కనిపించవు. బండి కట్టిన తీరే అంత. ఉన్న ఒక్క ఫోకస్ లైటు దుమ్ముతో మసకబారింది. నేను స్పానర్ ఇంకా వదలకముందే హెడ్డు తిరిగింది. స్పానర్ గిర్రున తిరిగి మాస్టు కాలికి కొట్టుకుంది. రెండు ఇనుముల మధ్య నా కుడి చెయ్యి.

చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు పోయాయి. బొటనవేలు ఉంది కానీ వంగదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. తెగిపడిన వేళ్లను ఒక కుర్రాడు ఐసు ముక్కల్లో నేరుగా పెట్టి తెచ్చాడు. వాడు మంచికే చేశాడు. కానీ ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి పాడవుతుందని డాక్టర్ చెప్పారు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసులో పెట్టాలట. నా వేళ్లు నలిగిపోయాయి కాబట్టి ఎలా తెచ్చినా అతికేవి కావు. ఇంకొకరివి అతకవచ్చు. ప్రతి బండి మీదా ఉన్నవాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

దారిలో మా మేనేజర్ నా పక్కనే కూర్చుని "బైకు మీద నుంచి పడ్డానని చెప్పు తమ్ముడూ, లేకపోతే పోలీసు కేసవుతుంది, బండి సీజ్ చేస్తారు, అందరి కడుపూ కొట్టినట్టవుతుంది" అన్నాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మేనేజర్‌ను బయటికి పంపి నన్నే అడిగింది. నేను ఉన్నది చెప్పాను. ఆమె మెడికో లీగల్ రిజిస్టరులో "బోరు లారీపై పని చేస్తుండగా రిగ్గు స్పానర్ కింద చెయ్యి నలిగినది" అన్న అర్థంలో ఒక్క వాక్యం రాసింది, టైము వేసింది. ఆ వాక్యమే తర్వాత నన్ను నిలబెట్టింది. దెబ్బ తగిలిన మనిషికి ఆ నిమిషంలో స్పృహ సరిగా ఉండదు. పక్కనున్న బంధువులు ఈ ఒక్క విషయం పట్టించుకోవాలి. మొదటి ఆసుపత్రి కాగితంలో ప్రమాదం ఎలా జరిగిందో సరిగా రాశారా లేదా అని.

అక్కడి నుంచి బెంగళూరు తీసుకెళ్లారు. ఆపరేషన్లు, మందులు కలిపి 1,90,000 దాటింది. ఓనరు మొదట 60,000 పంపాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

మా బావమరిది పోలీస్ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాడు. అప్పటి ఐపీసీ 338 (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) కింద ఎఫ్ఐఆర్ అయింది. అందులో రాసిన లారీ నంబరు కంప్రెసర్ లారీది. పోలీసులు వెళ్లేసరికి రిగ్గు లారీ చేలో లేదు, రోడ్డు పక్కన కంప్రెసర్ లారీ ఒక్కటే ఉంది, దాని నంబరే రాసుకున్నారు. ప్రమాదం ఒక బండి మీద జరిగి, కేసు ఇంకో బండి మీద నడిస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి అంతకంటే మంచి సాకు ఇంకేం కావాలి? అదృష్టం కొద్దీ రైతు దగ్గర బోరు బిల్లు ఉంది. ఎన్ని అడుగులు, కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) ఎంత, తేదీ, రిగ్గు నంబరు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రైతు పెద్దాయన "నీళ్లు పడకపోయినా కాగితం పనికొచ్చింది నాయనా" అంటూ తీసి ఇచ్చాడు. దాని ఆధారంగా పోలీసులు అదనపు వాంగ్మూలం తీసుకుని రిగ్గు లారీ నంబరు చేర్చారు. చార్జిషీటులో సరైన నంబరు వచ్చింది.

రిగ్గు నంబరు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఏ కంపెనీదో, ఎప్పటిదాకా చెల్లుతుందో తెలిసిపోయింది. ఎవరినీ బతిమాలే పని లేదు. బండి ఎక్కిన మొదటి రోజే రెండు లారీల నంబరు ప్లేట్లూ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో వాళ్లకు పంపండి.

నేను ఇంటికి చేరాక మేనేజర్ స్టాంపు కాగితం పట్టుకుని వచ్చాడు. ఇంకో లక్ష ఇస్తాం, "పూర్తిగా సెటిల్ అయింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసివ్వాలి. ఇంట్లో అప్పులున్నాయి, పాలు తాగే చంటిపిల్ల ఉంది. మా ఆవిడ "తీసుకుందామా?" అని అడిగింది. తీసుకోలేదు. తర్వాత వకీలు చెప్పింది ఏమిటంటే, అలా రాసిచ్చినా చట్టం ముందు అది చెల్లదు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం కార్మికుడు తన పరిహారం హక్కు వదులుకున్నానని రాసిచ్చే ఒప్పందం చెల్లనిదే. ఇప్పటికే అలా సంతకం పెట్టి, ఇక దారి లేదనుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకోసమే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

వకీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా దొరికారు. ఫీజు లేదు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వాళ్లు వివరాలు చెబుతారు. ఆవిడ మొదట అడిగింది, ఏ దారిలో వెళ్దాం అని. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, లేదా కార్మిక శాఖ కమిషనర్ దగ్గర పరిహార చట్టం కింద వేయొచ్చు. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం రెండిట్లో ఒక్కటే ఎంచుకోవాలి. ట్రిబ్యునల్లో జీతానికి పరిమితి లేదు కానీ ఎవరి నిర్లక్ష్యమో నిరూపించాలి. పరిహార చట్టంలో ఎవరిది తప్పు అన్నది తేల్చనక్కర్లేదు. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. గ్లవ్స్ వేసుకోలేదని, జాగ్రత్తగా లేనని ఓనరు తర్వాత ఎన్ని రాసినా అవి నిలవలేదు. మేము రెండో దారి పట్టాం. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు, వాళ్లు ఈఎస్ఐలోనే తీసుకోవాలి.

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ముందు ఓనరుకు, ఇన్సూరెన్స్ కంపెనీకి రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాం. ఓనరుది వేరే రాష్ట్రం కాబట్టి అక్కడికి వెళ్లి వేయాలేమోనని నాకు టెన్షన్. అవసరం లేదు. ప్రమాదం జరిగిన చోటైనా, కార్మికుడు ఉండే చోటైనా వేసుకోవచ్చు.

ఓనరు సమాధానంలో రెండు ముక్కలు రాశాడు. ఈ మనిషి మా దగ్గర పనిచేయలేదు, ఒకవేళ చేసినా జీతం 9,000 మాత్రమే. ఇక్కడ నన్ను ఆదుకున్నది ఫోన్‌పే. మేనేజర్ ప్రతి నెలా ఒకే తేదీ అటూ ఇటూ పంపిన 16,000 బ్యాంకు స్టేట్‌మెంటులో వరసగా కనబడింది. రైతు వచ్చి సాక్ష్యం చెప్పాడు. బోరు బిల్లు మీద రాత నాదే. బత్తా అంతా చేతికి నగదుగా ఇచ్చేవారు, దానికి ఏ రుజువూ లేదు. ఉన్నా లెక్కలోకి వచ్చేది కాదు. ఎందుకంటే ఆ చట్టంలో నెల జీతం 15,000 కంటే ఎంత ఎక్కువైనా 15,000గానే చూసేవారు. 2020 జనవరి 3 నుంచి ఆ పరిమితి. అంతకు ముందు 8,000. ప్రాణం పణంగా పెట్టి ముప్పై వేలు సంపాదించే డ్రిల్లర్‌కూ లెక్క 15,000 మీదే. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ధరలతో పాటు ఏటా పెరగాల్సిన అంకె అది.

ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు అసలు వాదన మొదలుపెట్టాడు. బండి ఆగి ఉంది, కాబట్టి ఇది మోటారు వాహనం వాడకంలో జరిగింది కాదు. ఇతను డ్రైవరూ కాదు, క్లీనరూ కాదు, డ్రిల్లింగ్ పనివాడు. రిగ్గు అనేది మెషీన్, దానికి వేరే పాలసీ తీసుకోవాలి.

మా వకీలు రెండే రెండు చూపించారు. ఒకటి, 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: వాహనం వాడకం అంటే కదులుతున్నప్పుడే కాదు, ఆగి ఉన్నప్పుడు కూడా. రిగ్గు లారీని రోడ్డు మీద తిప్పడానికి కొనరు, చేలో నిలబెట్టి బోరు వేయడానికే కొంటారు. ఆగి పనిచేయడమే దాని వాడకం. రెండోది పాలసీ కాగితం. ప్రీమియం వివరాల్లో థర్డ్ పార్టీ కింద ఒక చిన్న వరస ఉంది, డ్రైవరు కాక పనివాళ్ల బాధ్యత కోసం మనిషికి 50 రూపాయల చొప్పున నలుగురికి 200 రూపాయలు. ఆ వరసను కమిషనర్ గారు రెండుసార్లు చదివి, ఇన్సూరెన్స్ వకీలు వైపు కాగితం తిప్పి "ఈ నలుగురు ఎవరండీ మరి?" అని అడిగారు. ఆయన దగ్గర సమాధానం లేదు.

ఆ 200 రూపాయలు కట్టని బండ్లు ఎన్నో ఉన్నాయి. కట్టకపోతే భారం పూర్తిగా ఓనరు మీద పడుతుంది, ఓనరు చేతులెత్తేస్తే పనివాడు తిరుగుతూనే ఉంటాడు. కాబట్టి బండి ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పాలసీ తీసి ఆ వరస ఉందో లేదో ఈరోజే చూసుకోండి. బండి మీద ఎంతమంది ఉంటే అంతమందికి కట్టండి. రాయిని తొలిచే ఒక్క బిట్టు ఖర్చులో పదో వంతు కూడా కాదు.

తర్వాత వైకల్యం శాతం. నా దగ్గర అప్పటికే సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది. అది పింఛనుకు పనికొస్తుంది కానీ ఇక్కడ చూసేది వేరు. శరీరంలో ఎంత పోయింది అని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయింది అని. ఒక చేతి మూడు వేళ్లు పోతే చట్టంలోని పట్టికలో 30 శాతం. బొటనవేలు బిగుసుకుపోవడం పట్టికలో లేదు, దాన్ని డాక్టర్ అంచనా వేయాలి. ప్రభుత్వ ఎముకల డాక్టర్ నా చేతికి ఒక స్పానర్ ఇచ్చి పట్టుకోమన్నారు. జారిపోయింది. పెన్ను ఇచ్చారు. బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య అది నిలబడలేదు. అన్నీ కలిపి సంపాదన శక్తిలో 45 శాతం నష్టమని రాసి, కమిషనర్ ముందుకు వచ్చి సాక్ష్యం కూడా చెప్పారు. మా వకీలు ఇంకా ఎక్కువ అడిగారు. ఎడమ చెయ్యి పోయిన ఒక వడ్రంగికి అతని పని అంతా పోయినట్టేనని 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు నూరు శాతం ఒప్పుకుంది. నా విషయంలో 45 దగ్గరే ఆగింది.

లెక్క ఇలా వేశారు. 15,000లో 60 శాతం, 9,000. నా వయసు అప్పుడు 30, దానికి చట్టంలోని గుణకం 207.98. రెండూ హెచ్చిస్తే 18,71,820. అందులో 45 శాతం, 8,42,319 రూపాయలు. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ. బిల్లులున్న మేరకు ఆసుపత్రి ఖర్చు వేరుగా ఇచ్చారు, ఓనరు ముందు పంపిన 60,000 అందులో తగ్గించి. 2009 సవరణ తర్వాత వైద్యం ఖర్చు కూడా యజమానే భరించాలని చట్టంలో ఉంది. బెంగళూరులో మందుల షాపు చిల్లర రశీదులు మా ఆవిడ ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది కాబట్టి అవన్నీ వచ్చాయి.

ఈ కేసులు మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నాకు 2025 దాకా పట్టింది. ఒకసారి ఓనరుకు సమన్లు అందలేదు, ఒకసారి ఇన్సూరెన్స్ వకీలు రాలేదు, మధ్యలో అధికారి బదిలీ అయ్యారు. ఆ కాలమంతా మా ఆవిడ కూలికి వెళ్లి ఇల్లు నడిపింది. ఏడాదికి లక్ష పైన వడ్డీ కూడుతున్నది నిజమే, కానీ ఆ వడ్డీతో ఆ రోజు బియ్యం రావు.

డబ్బు కమిషనర్ పేర జమ అయి, అక్కడి నుంచి నా ఖాతాకు వచ్చింది. అప్పులు తీర్చి, మిగిలింది పాప పేరున వేశాం. నేను ఇప్పుడు ఒక ఎరువుల షాపులో బిల్లింగ్ చేస్తున్నాను, ఎడమ చేత్తో. ఓనరు మీద వేసిన 25 శాతం పెనాల్టీ మాత్రం ఇంకా రాలేదు. సకాలంలో చెల్లించనందుకు వేసే పెనాల్టీ ఇన్సూరెన్స్ కట్టదు, యజమానే కట్టాలని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయడానికి కాగితాలు తమిళనాడు వెళ్లాయి.

2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆ తేదీ తర్వాత ప్రమాదం జరిగినవాళ్లు కోడ్ కింద వేయాలి, వివరాలు కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.

నాతో పనిచేసిన ఛత్తీస్‌గఢ్ కుర్రాడికి 2025 వేసవిలో వేరే బండి మీద కేసింగ్ పైపు పడి పాదం నలిగింది. ఇంటికి వెళ్లిపోయాడు, చేతిలో పదివేలు పెట్టి పంపారు. కేసు వేయాలంటే ఇక్కడికి రావాలేమోనని ఆగిపోయాడు. వాడి ఊరు ఉన్న జిల్లాలోనే వేయొచ్చని చెప్పాను. ఆ బోరు వేయించుకున్న రైతు ఎవరో కనుక్కుని, బిల్లు ఫొటో తీయించి పంపాను. రిగ్గు నంబరు అందులో స్పష్టంగా ఉంది.